గడిలో పట్టని పొర

చెరకు నరికే రోజులు వచ్చాయంటే అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో బెల్లం పొయ్యిలు వెలుగుతాయి. ఎండిన పిప్పి మంట మీద వెడల్పాటి పెనంలో రసం కాగుతుంటే ముందు మడ్డి తేలుతుంది. దాన్ని తీసేశాక అసలు మరుగు మొదలవుతుంది. రసం చిక్కబడేకొద్దీ నురుగు లేచి పెనం అంచును అందుకుంటుంది. ఇక పొంగి నేలపాలవుతుందనగా వండే మనిషి కాస్త నూనె చల్లుతాడు. నురుగు కూలబడుతుంది. ఆ నూనె రసాన్ని చల్లార్చలేదు, మంటను తగ్గించలేదు, మరుగును ఆపలేదు. బుడగకీ బుడగకీ నడుమ ఉన్న, కంటికి ఆనని పలుచని పొరల్ని తెంపింది, అంతే. వందల లీటర్ల రసం పెనంలో ఉంటుందా, పొయ్యిలో పడుతుందా అన్నది ఆ పొరలే తేల్చాయి.

ఈ పెనాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టాలంటే ఏం చెయ్యాలి? ద్రవమూ వాయువూ కలగలిసి కల్లోలంగా కదిలే ఏ ప్రవాహానికైనా ఇదే ప్రశ్న. ఇంజన్లో చిమ్మే ఇంధనం, అణు రియాక్టర్లో మరిగే నీరు, పరవాడ ఫార్మా సిటీ లాంటి చోట్ల మరతో కలియబెట్టే రసాయనాల పాత్ర, పూడిమడక ఒడ్డున విరిగే అల అన్నీ ఈ కోవలోవే. లెక్క కోసం స్థలాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసుకుంటాం. ఒక్కో గడికి ఒక వేగం, ఒక పీడనం, ఆ గడిలో ద్రవం వాటా ఎంతో రాసుకుంటాం. గడికంటే చిన్నదేదీ లెక్కకు కనపడదు. అయితే ద్రవానికీ వాయువుకీ మధ్య హద్దు దగ్గర జరిగే ముఖ్యమైన పనుల్లో చాలావరకు గడికంటే చిన్నవే. కనపడని ఆ పనుల్ని కనపడే లెక్కలోకి ఎలా తేవాలన్నదాని మీద నాలుగు దశాబ్దాలుగా జరిగిన కృషిని, అందులో నాకు గట్టిగా తోచినవీ తోచనివీ, ఇక్కడ సమీక్షిస్తున్నాను.

ముందు కొలతలు చూద్దాం. కల్లోల ప్రవాహంలో పెద్ద సుడులు విరిగి చిన్న సుడులై, అవి ఇంకా చిన్నవై, చివరికి స్నిగ్ధత చేతిలో వేడిగా మారిపోతాయని 1941లో కొల్మొగొరొవ్ సూత్రీకరించాడు. కిలో నీటిలో సెకనుకు ఒక జౌలు చొప్పున శక్తి ఇలా ఖర్చవుతోందనుకుంటే, అతి చిన్న సుడి కొలత సుమారు 30 మైక్రాన్లు. ఇదే ఆలోచనను ఆయన 1949లో ద్రవ బిందువులు విరగడానికి అన్వయించాడు. డచ్చి ఇంజనీరు హింజే 1955లో దానికి సంఖ్య జోడించాడు. సుడుల తాకిడి ఒకవైపు, ముడుచుకుపోవాలని చూసే తలతన్యత ఇంకోవైపు లాగుతుంటే, ఏ పరిమాణం దాటిన బిందువు నిలవదో ఆయన సూత్రం చెబుతుంది. నీటికీ గాలికీ పైన చెప్పిన శక్తి దగ్గర అది రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. శక్తి పదింతలైతే ఒక మిల్లీమీటరు లోపే. ఇరవయ్యో శతాబ్దంలో ఇంత చిన్న సూత్రం ఇన్ని పరిశ్రమలకు అన్నం పెట్టిన సందర్భాలు ఎక్కువ లేవు. ఇప్పటికీ కలియబెట్టే పాత్రల రూపకల్పన దీని చుట్టూనే తిరుగుతుంది.

2002లో డీన్, స్టోక్స్ విరిగే అలల కింద బుడగల్ని ప్రయోగశాలలో కొలిచినప్పుడు లెక్క సుమారు ఒక మిల్లీమీటరు దగ్గర వంగింది. అంతకంటే పెద్ద బుడగల సంఖ్య వ్యాసం పెరిగేకొద్దీ మైనస్ 10/3 ఘాతంతో పడిపోతుంది, చిన్నవాటిది మైనస్ 3/2 ఘాతంతో. పెద్దవాటిని కల్లోలం విరుస్తోంది. చిన్నవాటిని తలతన్యత కాపాడుతోంది, అవి పుట్టే దారే వేరు. హింజే చెప్పిన కొలతను విరిగే అల కూడా ఒప్పుకుందన్నమాట.

ఇంతవరకూ మిల్లీమీటర్లు, మైక్రాన్లు. చిక్కంతా ఆ కిందనుంది. రెండు బుడగలు దగ్గరకొచ్చి కలిసిపోవాలంటే వాటి మధ్య ద్రవపు పొర కారిపోయి పలచబడాలి. ఆ మందం సుమారు వంద నానోమీటర్లకో అంతకు తక్కువకో వచ్చాక అణువుల మధ్య ఆకర్షణ పని మొదలుపెట్టి పొర తెగుతుంది. ఒక ఘనమీటరు ద్రవాన్ని వంద నానోమీటర్ల గళ్లుగా కోస్తే 1 పక్కన 21 సున్నాలంత సంఖ్య వస్తుంది. ఇప్పటివరకు కల్లోలం మీద జరిగిన అతి పెద్ద లెక్కల్లో ఒకటి అమెరికాలోని ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్ మీద 32,768 ఘనం, అంటే దాదాపు 35 లక్షల కోట్ల గళ్లతో చేసినది. అదీ ఒకే ద్రవానికి, హద్దులేవీ లేకుండా. మన ఘనమీటరుకు దానికి దాదాపు మూడు కోట్ల రెట్లు కావాలి. కంప్యూటర్ల వేగం పెరుగుతుందిలే, అప్పుడు చూద్దామని కూర్చోవడం ఇక్కడ జవాబు కాదు. కాలం మెట్టు కూడా అడ్డు వస్తుంది. తలతన్యత పుట్టించే చిన్న అలలు చాలా వేగంగా పరుగెడతాయి కాబట్టి నీటికి 10 మైక్రాన్ల గడి పెట్టుకుంటే సెకనులో పది లక్షలో వంతు మెట్టుతో నడవాలి. గడిని సగం చేస్తే మెట్టు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది.

ఒకే ద్రవం ఉన్నచోట ఈ ఇబ్బందికి మందు 1963లోనే దొరికింది. వాతావరణ లెక్కల కోసం స్మగొరిన్‌స్కీ పెద్ద సుడుల్ని లెక్కలో ఉంచుకుని, గడిలో పట్టని చిన్న సుడుల స్థానంలో అదనపు స్నిగ్ధతను పెట్టాడు. చిన్న సుడులు పెద్దవాటి నుంచి శక్తిని తీసుకోవడమే తప్ప తిరిగి ఇచ్చేది తక్కువ కాబట్టి ఆ ఉపాయం చాలావరకు పనిచేసింది. ద్రవమూ వాయువూ కలిసిన రెండు దశల ప్రవాహానికి దీన్ని ఉన్నదున్నట్టు అతికించే అలవాటు ఇంకా ఉంది. ఆ అలవాటు తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. కారణం ఆ ఉపాయం ఆధారపడిన ఊహలోనే ఉంది. శక్తి పెద్ద కొలత నుంచి చిన్న కొలతకే ప్రవహిస్తుందని ఆ ఊహ. హద్దు ఉన్నచోట శక్తికి దాచుకునే తావు మరొకటి దొరుకుతుంది. హద్దు వైశాల్యమే ఆ తావు.

2016లో డాడ్, ఫెర్రాంతే మూడు వేలకు పైగా బిందువుల్ని కల్లోలంలో వదిలి, ప్రతి బిందువు ఆకారాన్నీ వదలకుండా లెక్కగట్టారు. వాళ్లు తేల్చింది సూటిగా ఉంటుంది. బిందువు విరిగినప్పుడు హద్దు వైశాల్యం పెరుగుతుంది, ఆ మేరకు ప్రవాహం నుంచి గతిశక్తి తగ్గుతుంది. రెండు బిందువులు కలిసినప్పుడు వైశాల్యం తగ్గి, ఆ శక్తి తిరిగి ప్రవాహానికి చేరుతుంది. అదనపు స్నిగ్ధత ఎప్పుడూ తీసుకోవడమే కాని ఇవ్వడం తెలియనిది. హద్దు ఇవ్వడం కూడా చేస్తుంది.

ఈ విషయంలో మన పొరుగునే, హైదరాబాద్ టాటా మౌలిక పరిశోధన సంస్థలో, మంచి పని జరిగింది. బుడగలు గుంపుగా పైకి లేస్తుంటే వాటి వెనక ద్రవం అల్లకల్లోలమవుతుంది. ఆ అల్లకల్లోలంలో ఏ కొలత దగ్గర ఎంత శక్తి ఉందో చెప్పే వక్రం కొల్మొగొరొవ్ చెప్పిన మైనస్ 5/3 వాలుతో కాక సుమారు మైనస్ 3 వాలుతో పడుతుందని 1991లోనే ఫ్రాన్స్‌లో లాన్స్, బతాయ్ చూపించారు. ఎందుకలా అన్నది చర్చగానే మిగిలింది. వికాస్ పాండే, రష్మి రామదుగు, ప్రసాద్ పెర్లేకర్ 2020లో ఆ ప్రవాహాన్ని పూర్తిగా లెక్కగట్టి, ఒక్కో కొలత దగ్గర శక్తి జమాఖర్చు రాశారు. బుడగ వ్యాసం కంటే చిన్న కొలతల్లో స్నిగ్ధత ఖర్చు పెట్టేదాన్ని భర్తీ చేసేవి రెండని తేలింది: సుడుల నుంచి సుడులకు దిగివచ్చే శక్తి, తలతన్యత మోసుకొచ్చే శక్తి. అంటే తలతన్యత బుడగను గుండ్రంగా ఉంచి ఊరుకోదు, పెద్ద కొలత దగ్గర శక్తిని తీసుకుని చిన్న కొలత దగ్గర దించుతుంది. గడి బుడగంత ఉన్న లెక్కలో ఈ రెండో దారి పూర్తిగా మూసుకుపోతుంది. గడిలో పట్టని హద్దుకు నమూనా రాసే ప్రతివాళ్లూ ఈ జమాఖర్చును ఎదుట పెట్టుకోవాలి.

అసలు హద్దును గళ్లలో ఎలా గీస్తారన్నది మరో ప్రశ్న. 1981లో లాస్ అలమోస్‌లో హర్ట్, నికొల్స్ ప్రతి గడిలో ద్రవం ఎంత వంతు ఉందో రాసుకునే పద్ధతి తెచ్చారు. 1988లో ఓషర్, సెథియన్ హద్దు నుంచి దూరాన్ని చెప్పే ప్రమేయాన్ని నడిపే పద్ధతి తెచ్చారు. 1992లో ఉన్వెర్ది, ట్రిగ్వాసన్ హద్దు మీదనే గుర్తు బిందువులు కూర్చి వాటిని ప్రవాహంతో పాటు నడిపించారు. ఆ ఏడాదే బ్రాక్‌బిల్, కోథే, జెమాక్ తలతన్యతను గీతలా కాక పలుచని పట్టీలో పంచిన బలంగా రాసే దారి చూపారు. మొదటి పద్ధతిలో ద్రవం పోదు కాని హద్దు వంపు మొరటుగా వస్తుంది. రెండోదానిలో వంపు నున్నగా వస్తుంది కాని ద్రవం కొంచెం కొంచెం మాయమవుతుంది. మూడోది రెంటికీ మెరుగే కాని విరగడం, కలవడం వంటి మార్పుల్ని చేత్తో చెప్పి చేయించాలి. కదలకుండా ఉండాల్సిన బుడగ చుట్టూ, వంపు లెక్కలో పొరపాటు వల్ల లేని సుడులు పుట్టేవి. ఆ జబ్బు 2006 నుంచి 2009 దాకా ఫ్రాంస్వా బృందం, పొపినే చేసిన పనితో చాలావరకు తగ్గింది.

ఈ చరిత్రంతా చెప్పింది ఒక్క సంగతి కోసం. ద్రవం వంతు రాసుకునే పద్ధతిలో రెండు హద్దులు ఒకే గడిలోకి వచ్చాయంటే వాటంతటవే కలిసిపోతాయి. పలుచని నీటి పొర గడి మందానికి దిగిందంటే దానంతటదే తెగుతుంది. ఆ తెగడానికి భౌతిక కారణం లేదు. గడి చిన్నదైతే పొర ఇంకాస్త సేపు నిలుస్తుంది, ఇంకా చిన్న తుంపరలు పుడతాయి. గడిని సగం చేసిన ప్రతిసారీ తుంపరల పరిమాణం కూడా సగమవుతుంటే ఆ లెక్క చెబుతున్నది ప్రకృతి గురించి కాదు, తన గడి గురించి. ఎన్నో పత్రాల్లో రంగురంగుల చిత్రాల కింద చిన్న బిందువుల గ్రాఫు కనిపిస్తుంది. దాని ఎడమ చివర గడి పరిమాణం దగ్గర నిలువు గీత గీసి చూపని గ్రాఫును నేను నమ్మను. గుర్తు బిందువుల పద్ధతికి ఎదురు జబ్బు ఉంది. అక్కడ చెప్పేదాకా ఏదీ కలవదు, ఏదీ తెగదు. ఒకటి అడక్కుండా తెంపుతుంది, ఇంకొకటి అడిగేదాకా తెంపదు. రెండూ పొరను అడగవు.

ఈ మధ్య వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది 2022లో కిర్కో, మారెక్, పొపినే, జలెస్కీ చేసిన పని. పలుచని పొరను గడి తెంపకముందే గుర్తుపట్టి, తాము నిర్ణయించిన మందం దగ్గర తామే దానికి కన్నాలు పొడుస్తారు. ఆ మందం నిజమైన మందం కాదు, నానోమీటర్ల కంటే చాలా ఎక్కువ. అయినా తెగే మందం గడి చేతిలోంచి మనిషి చేతికి వచ్చింది. దానివల్ల గడిని ఇంకా చిన్నది చేసినా తుంపరల పరిమాణాలు ఒక జవాబు వైపు కుదురుకోవడం మొదలుపెడతాయి. ఏ నమూనాకైనా ఇది కనీస గౌరవమని నా అభిప్రాయం. గడి ఎక్కడ ఓడిపోతుందో, పొర ఎక్కడ ఓడిపోతుందో వేరు చేసి చెప్పాలి.

ఇక గడిలో పట్టని హద్దుకు రాసిన నమూనాలు. సమీకరణాల్ని గడి మేరకు వడగడితే ఒకే ద్రవానికి ఒక్క పదం తెలియకుండా మిగులుతుంది. రెండు దశలకు కనీసం నాలుగు మిగులుతాయి: సాంద్రత, వేగం కలిసి మారడం వల్ల వచ్చేది, హద్దు మోసుకుపోవడంలో వచ్చేది, స్నిగ్ధతలో వచ్చేది, తలతన్యతలో వచ్చేది. 2007లో ఫ్రాన్స్‌లో లబురాస్, సహచరులు పూర్తి లెక్కల్ని వడగట్టి ఈ పదాల పరిమాణాల్ని ఒక్కొక్కటిగా తూచారు. హద్దు దగ్గర అదనపు పదాల్ని వదిలేయడానికి వీల్లేదని అప్పుడే తెలిసింది. తూతాంత్, సహచరులు 2009లో ఇంకో కోణం పట్టుకున్నారు. ముడతలు పడిన హద్దును వడగట్టాక నున్నని హద్దు మిగిలితే, ఆ నున్నని హద్దుకు ఇరువైపులా ఏ షరతులు రాయాలి అని. హెర్మన్ హద్దును మాత్రం గళ్లకంటే సన్నని రెండో వలలో నడిపి, ఆ వలలో కనిపించే ముడతల మీద తలతన్యత పనిని స్ప్రింగులా, డాంపర్‌లా రాశాడు. సయీదీపూర్, సహచరులు 2019లో వడగట్టిన క్షేత్రాన్ని వెనక్కి విప్పి, పోయిన చిన్న కొలతల్ని కొంతమేరకు తిరిగి రాబట్టారు. అదే ఏడాది చిన్న సుడుల అదనపు స్నిగ్ధతలో తలతన్యతకూ వాటా ఇచ్చారు.

మరో వంశం పూర్తిగా వేరు. దహన శాస్త్రంలో ఘనపరిమాణానికి ఎంత మంట వైశాల్యం ఉందో లెక్కపెట్టే సమీకరణం ఉంది. వాలే, బోర్గీ దాన్ని ఇంధనపు తుంపరలకు తెచ్చారు. ఒక్కో ముడతను వెతకరు. ఈ గడిలో హద్దు వైశాల్యం ఎంత, అది ఎలా పుడుతుంది, ఎలా నశిస్తుంది అని మాత్రమే అడుగుతారు. ఇంజన్ల వాళ్లకు ఇది ఎంతో అక్కరకొచ్చింది. కాని పుట్టడం నశించడం తూగే చోటును నిర్ణయించడానికి లోపల వాడేది బిందువు విరిగే అవధి సంఖ్యే. అంటే హింజే 1955లో రాసినదే మళ్లీ తలుపు చాటున కూర్చుంది. హింజే తన గుణకానికి వాడుకున్నది ఒకటి తిరుగుతుండగా రెండు స్తూపాల మధ్య ఎమల్షన్ మీద క్లే 1940లో చేసిన కొలతలు. ఆ గుణకాన్ని అన్ని ద్రవాలకూ అన్ని పాత్రలకూ మోసుకుపోవడం సాహసమే.

ఈ నమూనాలన్నిటికీ పరీక్ష పెట్టడానికి ఫ్రాన్స్ ప్రయోగశాలలు కలిసి 2022లో ఒక ఉమ్మడి లెక్క ప్రచురించాయి. మూసిన పెట్టెలో బరువైన ద్రవం కింద తేలిక ద్రవాన్ని పెట్టి వదిలితే అది పైకి ఎగబాకుతూ ముక్కలై, చివరికి పైన కుదురుకుంటుంది. మొత్తం స్థితిశక్తి, గతిశక్తి దగ్గర వేర్వేరు ప్రోగ్రాములు బాగానే ఏకీభవించాయి. సుడుల తీవ్రత, చిన్న బిందువుల సంఖ్య దగ్గరకు వచ్చేసరికి ఒప్పందం కష్టమైంది. పెద్ద కొలతల్లో ఒప్పందాన్ని చూసి చిన్న కొలతలూ సరిపోయాయనుకోవడం ఎంత ప్రమాదమో ఆ పని చెప్పకనే చెబుతుంది.

మొత్తం కొలతల్నీ పట్టుకోగలిగినప్పుడు లెక్క ఎంత అందంగా పనిచేస్తుందో చూడాలంటే మళ్లీ హైదరాబాదే వెళ్లాలి. 2015లో మనోజ్ కుమార్ త్రిపాఠి, ఐఐటీ హైదరాబాద్‌లోని కీర్తి చంద్ర సాహు, టాటా సంస్థలోని రమా గోవిందరాజన్ నిశ్చల ద్రవంలో లేచే ఒంటరి బుడగ తలరాతకు పటం గీశారు. తేలుబలం, స్నిగ్ధత, తలతన్యతల పోటీని రెండు అక్షాల మీద పెడితే ఐదు ప్రాంతాలు వచ్చాయి: నిటారుగా లేచేవి, గొడుగు అంచులా పొర వేలాడేవి, సర్పిలంగానో వంకరటింకరగానో లేచేవి, అంచుల్లో తునకలయ్యేవి, నడుమ కన్నం పడి కంకణంలా మారేవి. లెక్కకు వాళ్లు వాడింది పొపినే ఎవరైనా వాడుకోవడానికి వదిలిన జెర్రిస్ ప్రోగ్రాం. హద్దు దగ్గర మాత్రమే గళ్లను సన్నం చేస్తుంది అది. ఒక్క బుడగ కాబట్టి ఇది సాధ్యమైంది. లక్ష బుడగల పెనానికి ఈ పటం నేరుగా చాలదు, కాని నమూనా రాసేవాడికి దీనికంటే మంచి ఆధారం లేదు. గడిలో పట్టని బుడగ నిటారుగా పోతుందా తునకలవుతుందా అన్నది ఊహించనక్కర్లేదు, పటంలో చూసుకోవచ్చు.

గడి కింది నమూనా నిజంగా గెలిచిన చోటు ఒకటుంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. పెనం అడుగున ఆవిరి బుడగ పెరుగుతున్నప్పుడు దాని కింద కొన్ని మైక్రాన్ల మందాన ద్రవపు పొర చిక్కుకుని ఉండిపోతుంది. 1961లో మూర్, మెస్లర్ మరిగే చోట లోహం ఉష్ణోగ్రతను కొలిచి, అది రెప్పపాటులో పదీ ఇరవై డిగ్రీలు పడి మళ్లీ లేవడం చూశారు. ఆ పలుచని పొర ఆవిరవుతూ వేడిని లాక్కుంటోందని గ్రహించారు. ఈ పొర గళ్లలో పట్టదు. 2015లో సాటో, నిచెనో ఆ పొర మందాన్ని ఒక్కో గడి అడుగున విడిగా రాసుకుని, ఆవిరైన కొద్దీ తరిగించి, ఎండిన చోట ఎండినట్టు చూపించారు. పొరకు తన కథ తనకు ఉంది, గడికి సంబంధం లేదు. అందుకే అది పనిచేసింది. బుడగలు కలిసే పొరకు కూడా ఇలాంటి విడి ఖాతా ఎందుకు తెరవకూడదన్నది నేను ఈ రంగాన్ని అడిగే ప్రశ్న.

ఆ ఖాతాలో ఏం రాయాలి? ఇక్కడే నేను చదివిన సాహిత్యంలో అన్నిటికంటే పలుచని చోటు ఉంది. చాలా లెక్కలు హద్దుకు ఒకే సంఖ్య ఇస్తాయి, తలతన్యత. 25 డిగ్రీల నీటికి మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, వంద డిగ్రీల దగ్గర సుమారు 59. అది చాలదని చెప్పడానికి ఉప్పు ఒక్కటి చాలు. ఉప్పు వేస్తే నీటి తలతన్యత ఒకటి రెండు శాతం పెరుగుతుంది, అంతే. సూత్రం ప్రకారం బుడగల్లో తేడా ఏమీ ఉండకూడదు. కాని క్రెయిగ్, నిన్హమ్, పాష్లీ 1993లో చూపినట్టు, ఒక స్థాయి దాటిన ఉప్పునీటిలో బుడగలు తాకినా కలవవు. సముద్రపు నీటిలో ఆ స్థాయికంటే చాలా ఎక్కువ ఉప్పు ఉంటుంది. అందుకే శారదా నదిలో చిలికిన నీరు క్షణంలో తేటపడితే, అదే బలంతో పూడిమడక దగ్గర విరిగిన అల నురగ తెల్లగా చాలాసేపు నిలుస్తుంది. రెండు చోట్లా తలతన్యత దాదాపు ఒకటే. తేడా అంతా పొర కారిపోయే తీరులో ఉంది. తలతన్యత ఒక్కటే తెలిసిన లెక్కకు నదీ సముద్రమూ ఒకటే.

చెరకు రసం ఉప్పునీటికంటే ఎన్నో రెట్లు జటిలం. అందులో ప్రొటీన్లు, మైనం, జిగురు పదార్థాలు ఉంటాయి. అవి హద్దు మీద పేరుకుని దాన్ని కాస్త బిగుసుకున్న తలంగా మారుస్తాయి. పొర ఒకచోట సాగితే అక్కడ ఆ పదార్థం పలచబడి తలతన్యత పెరుగుతుంది, చుట్టుపక్కల ద్రవం అటు లాగబడి పొర మళ్లీ మందమవుతుంది. మరాంగోనీ ప్రభావం అనే ఈ మరమ్మతే నురుగుకు ప్రాణం. రసాన్ని తేట చెయ్యడానికి సున్నం వేసినా, బెండ మొక్క జిగురు వేసినా ఆ పదార్థాల్లో కొన్ని మడ్డితో పాటు పైకి తేలి పోతాయి. తేట చెయ్యడం రంగు కోసమే కాదు, హద్దును మార్చడం కూడా. ఇక నూనె. దెంకొవ్ 2004 సమీక్షలో వివరించినట్టు నూనె బిందువు ముందు పొర ఉపరితలంలోకి జొరబడాలి, తర్వాత రెండు తలాల మధ్య వంతెన కట్టాలి, ఆ వంతెన సాగి తెగినప్పుడు పొరా తెగుతుంది. కొన్ని నూనెలు పరుచుకుని ఆ పని త్వరగా చేస్తాయి. ఇదంతా మైక్రాన్ల కొలతలో, మిల్లీసెకన్లలో జరిగి పెనమంత నురుగును కూలుస్తుంది.

పైగా రసం వంట మొదట్లో ఒక ద్రవం, చివర్లో మరొకటి. 20 డిగ్రీల దగ్గర 60 శాతం చక్కెర ద్రావణానికి నీటికంటే దాదాపు 58 రెట్లు స్నిగ్ధత ఉంటుంది. వేడికి అది బాగా తగ్గుతుంది కాని, నీరు ఇగిరేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. పాకం దించే వేళకు ఉష్ణోగ్రత సుమారు 115 డిగ్రీలు చేరి, కల్లోలం సద్దుమణిగి, బుడగలు బరువుగా పగులుతుంటాయి. ఒకే వంటలో హింజే కొలత, పొర కారే వేగం, మరాంగోనీ బలం మూడూ మారిపోతాయి. ఒక్క స్థిరాంకంతో మొదటి నుంచి చివరిదాకా నడిచే నమూనా ఈ పెనంలో ఏదో ఒక గంటకు తప్పడం ఖాయం. బెల్లం పొయ్యి మీద శాస్త్రీయమైన పని లేకపోలేదు. 2010లో ఐఐటీ బొంబాయి వాళ్లు నాలుగు పెనాల పొయ్యిలో వేడి ఎటు పోతోందో తూచారు. ఆ లెక్క పిప్పి ఆదాకు సంబంధించింది, నురుగుకు కాదు.

యంత్రాభ్యసనం గురించి రెండు మాటలు చాలు. పూర్తి లెక్కల నుంచి నేర్చుకుని గడి కింది పదాల్ని ఊహించే నాడీ జాలాలు వస్తున్నాయి. అవి నేర్చుకునే పాఠంలోనే పొరలు గడి వల్ల తెగి ఉంటే, ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటాయి. పాఠం శుభ్రం చేశాక ఆ దారి మీద నాకూ ఆశ ఉంది.

ఇదంతా ఒక జిల్లా పెనానికి పరిమితమైన గొడవ అనుకోనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 170-180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అంత గాలిలో సముద్రానికీ గాలికీ మధ్య హద్దు అంటూ స్పష్టంగా ఉండదు, నురుగూ తుంపరా కలిసిన మందపాటి పట్టీ ఉంటుంది. గాలి పెరిగేకొద్దీ సముద్రం దాన్ని పట్టి ఆపే ఒరిపిడి కూడా పెరుగుతూ పోతుందనుకునేవారు. 2003లో పవెల్, సహచరులు తుపానుల్లోకి వదిలిన కొలపరికరాల నుంచి సెకనుకు 33 మీటర్ల గాలి దాటాక ఆ పెరుగుదల ఆగిపోతోందని చూపించారు. నురుగు, తుంపర ఆ హద్దును జారుడుగా మారుస్తున్నాయన్నది ఒక వివరణ. తుపాను బలం ఎంతకు చేరుతుందో చెప్పే లెక్కలో ఈ ఒరిపిడి నేరుగా కూర్చుంటుంది. ఆ లెక్కలో ఒక్కో గడి కిలోమీటర్ల వెడల్పు. బుడగ పొర పగిలి విసిరే తుంపర మైక్రాను. పరవాడలో సింహాద్రి విద్యుత్కేంద్రంలో సముద్రపు నీటిని వాడే చల్లార్చే టవర్ల నుంచి గాలిలో కలిసే ఉప్పు తుంపరకూ ఇదే శాస్త్రం కావాలి.

ముందు కావలసింది కొలత. ఏ ద్రవానికి ఆ ద్రవంలో, పొర ఎంత సేపు నిలుస్తుందో, ఏ మందం దగ్గర తెగుతుందో, తాకిన బుడగల్లో ఎన్ని కలుస్తాయో. ఇది సూపర్ కంప్యూటర్ పని కాదు. వేగపు కెమెరా, కాంతి వ్యతికరణంతో మందం కొలిచే పరికరం, ఓపిక ఉంటే చాలు. అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధనా కేంద్రం ఉంది. ఏ రకం చెరకు రసంలో ఏమేం ఉంటాయో, ఏ పొలం రసం ఎలా కాగుతుందో తరాలుగా చూసిన చోటు అది. విశాఖలో, హైదరాబాద్‌లో ప్రవాహాల లెక్క తెలిసినవాళ్లున్నారు. ఒక సీజన్‌లో రెండు మూడు రకాల రసాన్ని, తేట చెయ్యకముందూ చేశాకా, నూనె వెయ్యకముందూ వేశాకా, కాగే ఉష్ణోగ్రత దగ్గర పొరల ఆయుష్షు కొలిచి అందరికీ తెరిచి ఉంచితే, గడి కింది నమూనాలకు ఇప్పటివరకు ఎక్కువగా శుద్ధమైన ద్రవాలతో పెట్టిన పరీక్షకు మురికి ద్రవంతో ప్రశ్నపత్రం తయారవుతుంది. ఆ పరీక్షలో లెక్క చేసేవాళ్లు గడి పరిమాణం, పొర తెగడానికి తాము పెట్టుకున్న మందం, ఆ మందాన్ని రెట్టింపు చేస్తే నురుగు ఎత్తు ఎంత మారిందో మూడూ పక్కపక్కన రాయాలి.